కొత్త రాక్ ఆల్బమ్ వచ్చింది: ఫ్రెండ్స్‌తో కలిసి వినాలా, విడిగా విని మాట్లాడుకోవాలా?

ఆల్బమ్ విడుదలైన రాత్రి పన్నెండున్నరకి ఫోన్ మోగింది. "ఒరేయ్, మూడో పాట విన్నావా?" అన్నాడు మావాడు. నేనింకా మొదటి పాట సగంలో ఉన్నాను. "వినలేదా? సరే, విను. నేనేం చెప్పను. సోలో మాత్రం నీరసంగా ఉందిరా." అంతే, పెట్టేశాడు. మూడో పాట వచ్చేసరికి నా చెవులు పాట మీద లేవు. సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే భాగం, ఎక్కడ నీరసంగా ఉందా అని వెతుకుతున్నాయి. వారం తర్వాత విన్నప్పుడు అదే సోలో నాకు బాగా నచ్చింది. కానీ ఆ మాట లేకుండా ఆ పాటను మొదటిసారి వినే అవకాశం మాత్రం మళ్లీ రాలేదు.

వాడి తప్పేం లేదు. కొత్త ఆల్బమ్ వింటే ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేం. రాక్ అంటే చెవి కోసుకునే స్నేహితులున్న ప్రతి చోటా ఇదే గొడవ: అందరం కలిసి వినాలా, ఎవరికి వారు విని తర్వాత మాట్లాడుకోవాలా, వింటూనే మెసేజ్‌లు పెట్టుకోవాలా, లేక కొన్నాళ్లు ఆగాలా? మా నలుగురం ఇవన్నీ చేసి చూశాం. ఏ పద్ధతిలో ఏం దొరుకుతుంది, ఏం పోతుంది, ఎవరికి ఏది సరిపోతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది: ఎవరి మాట ముందు చెవిన పడింది? మిగతావన్నీ దీని తర్వాతే.

2006లో "సైన్స్" పత్రికలో ఒక ప్రయోగం గురించి వచ్చింది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు చేసింది. పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని 14 వేల మందికి పైగా జనం ముందు పెట్టారు. కొందరికి బ్యాండ్ పేరు, పాట పేరు తప్ప ఇంకేమీ కనిపించదు. మిగిలినవాళ్లని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపించారు. పాటలు అవే అయినా ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకొచ్చింది. బాగా మంచి పాటలు కింద పడటం అరుదు, బాగా చెత్తవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం ముందున్నవాళ్లు ఏమనుకున్నారన్నదాన్ని బట్టి ఎటైనా మారింది.

ఏ రాక్ ఆల్బమ్ తీసుకున్నా పదకొండు పాటల్లో ఆరేడు ఈ మధ్య రకమే. మొదటిసారి విన్నప్పుడు "బాగుందేమో, ఏమో" అనిపించేవి. సరిగ్గా వాటి మీదే స్నేహితుడి మాట పనిచేస్తుంది. అక్కడ పరాయివాళ్ల డౌన్‌లోడ్ల లెక్కే అంత పని చేస్తే, పదేళ్లుగా మన అభిరుచి తెలిసిన స్నేహితుడు పెదవి విరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మనకు తెలియకుండానే నలుగురితో నారాయణా అనేస్తాం.

రెండోది ధ్యాస. ఆల్బమ్‌ను ఎంత శ్రద్ధగా వినగలుగుతున్నాం, ఏ స్పీకర్ మీద, మధ్యలో ఎన్నిసార్లు ఆగి. మూడోది మొహమాటం. ఎదుటివాడు ప్రాణంగా చూసుకునే బ్యాండ్ ఆల్బమ్ నచ్చకపోతే ఆ మాట వాడి మొహం మీద అనగలమా? నాలుగోది టైమ్. నలుగురికీ ఒకే గంట ఖాళీ దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. చివరిది, ఆరు నెలల తర్వాత ఏం మిగులుతుంది అన్నది. మొదటిసారి ఏమనిపించిందో రాసి పెట్టుకోకపోతే గుర్తుండదు. ఆ తర్వాతి అభిప్రాయం వచ్చి దాని మీద కూర్చుంటుంది. "నాకు మొదటి నుంచీ నచ్చింది" అని అందరం నిజాయితీగానే అంటాం, చాలాసార్లు అది నిజం కాదు.

## ఒకే గదిలో కూర్చుని వినడం

దీనికున్న అందం వేరే దేనికీ లేదు. లైట్లు తగ్గించి, ఫోన్లు పక్కన పడేసి, మంచి స్పీకర్ల ముందు నలుగురం కింద కూర్చుంటాం. డ్రమ్స్ పడగానే నేల అదురుతుంది. హెడ్‌ఫోన్స్‌లో బేస్ చెవికి వినిపిస్తుంది, గదిలో అయితే ఛాతీకి తగులుతుంది. రాక్ అసలు అలా వినడానికే పుట్టింది. 2023లో మెటాలికా బ్యాండ్ తమ "72 సీజన్స్" విడుదలకు ముందు రోజు, ఏప్రిల్ 13న, ప్రపంచవ్యాప్తంగా సినిమా హాళ్లలో ఆల్బమ్ మొత్తం వినిపించింది. ముక్కూమొహం తెలియని వాళ్లతో చీకట్లో కూర్చుని 77 నిమిషాలు వినడానికి జనం వెళ్లారంటే, కలిసి వినడంలో ఏదో ఉందనే కదా.

ఇక నష్టం సంగతి. గదిలో ఎవరూ నోరు విప్పకపోయినా అభిప్రాయాలు బయటపడుతూనే ఉంటాయి. తల ఊపడం ఆగిపోయిందంటే ఒక అభిప్రాయం. ఒకడు లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడంటే అది ఇంకో అభిప్రాయం. మాలో ఒకమ్మాయి డ్రమ్స్ వాయిస్తుంది. పాట నచ్చితే కుడి చేతి వేళ్లు మోకాలి మీద హై-హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాలు) లెక్క కొడుతుంటాయి, నచ్చకపోతే చేతులు కట్టుకుంటుంది. మొదట్లో నేను స్పీకర్ వైపు కాకుండా ఆ వేళ్ల వైపు చూస్తున్నానని గమనించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మొహమాటం కూడా ఇక్కడే ఎక్కువ. ఇల్లు ఎవరిదో, స్పీకర్లు ఎవరివో, బ్యాండ్ మీద ప్రాణం ఎవరికో వాళ్లే సహజంగా ముందు మాట్లాడతారు. మిగతావాళ్లు దానికి కొంచెం అటూ ఇటూగా సర్దుకుంటారు.

ఇంకో చిక్కు పొడవు. నలభై ఐదు నిమిషాల ఆల్బమ్‌కి నలుగురూ కదలకుండా కూర్చుంటారు. ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) రోజుల్లో ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలే పట్టేది కాబట్టి మధ్యలో లేచి రికార్డు తిప్పాలి. ఆ విరామం చెవికి మంచిది. పింక్ ఫ్లాయిడ్ "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" 1973లో వచ్చినప్పుడు మొదటి వైపు ఒక గొంతు అరుపులా లేచి మెల్లగా అణిగిపోవడంతో ముగిసేది, రికార్డు తిప్పితే రెండో వైపు డబ్బుల గలగలతో మొదలయ్యేది. ఆ మధ్య నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే. 1982లో సీడీ వచ్చాక 74 నిమిషాలు ఒకే ఊపున పట్టడం మొదలైంది, బ్యాండ్లు ఆ చోటంతా నింపడం మొదలుపెట్టాయి. గంట దాటిన ఆల్బమ్‌ని గదిలో కలిసి వింటుంటే ఎనిమిదో పాట దగ్గర ఎవరో ఒకరు మాటలు మొదలుపెడతారు. అది ఖాయం.

కలిసి వినాలనుకుంటే మా దగ్గర పనిచేసిన మూడు కట్టుబాట్లు చెబుతాను. పాట నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు, ఒకరి మొహాలు ఒకరికి కనపడకుండా అందరూ స్పీకర్ల వైపే తిరిగి కూర్చోవాలి. ఆల్బమ్ అయ్యాక ఐదు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. బ్యాండ్ మీద ఎక్కువ ప్రేమున్నవాళ్లు చివర మాట్లాడాలి. ఈ చివరి కట్టుబాటు పెట్టాక మా మాటల తీరే మారిపోయింది.

## వింటూనే మెసేజ్‌లు పెట్టుకోవడం

తలో ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది తేలిక, సరదా కూడా. అందరూ ఒకేసారి ప్లే నొక్కడం, గ్రూప్‌లో పాట పాటకీ ఏదో ఒకటి పెట్టడం. ఉత్సాహం అంటుకుంటుంది. పాట మధ్యలో ఒక్కసారిగా గిటార్లన్నీ ఆగి మళ్లీ విరుచుకుపడిన చోట నలుగురి దగ్గర నుంచీ ఒకే క్షణంలో మెసేజ్ వస్తే, దూరాలు లేనట్టే ఉంటుంది.

ధ్యాస విషయంలో మాత్రం ఐదు పద్ధతుల్లోకీ అధమం ఇదే. టైప్ చేస్తున్నంతసేపూ వినడం లేదు. అదీ కాక మెసేజ్ పెట్టడానికి పాటలో ఏదో ఒకటి జరగాలి కాబట్టి, పెద్ద రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు), కేకలు, ఊహించని మలుపులు మాత్రమే మాటల్లోకి వస్తాయి. మెల్లగా పేరుకునే పాటలకు అన్యాయం జరుగుతుంది. ది క్యూర్ అనే బ్యాండ్ పదహారేళ్ల తర్వాత 2024 నవంబర్ 1న "సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్" విడుదల చేసింది. అందులో మొదటి పాటలో గొంతు వినిపించడానికే మూడు నిమిషాలు దాటుతుంది. ఆ మూడు నిమిషాలు మౌనంగా కూర్చుంటే ఒక లోకంలోకి వెళతాం. చేతిలో ఫోన్ ఉంటే "ఇంకా పాట మొదలవ్వలేదేంటి" అని పెడతాం. అలా ఒకరు పెట్టారంటే మిగతా ముగ్గురికీ అదే ఆలోచన.

ఇంకో చిన్న ఇబ్బంది: ఒకరి పాట ఇంకొకరి కంటే పది సెకన్లు ముందుంటే చాలు, మలుపు రాకముందే దాని గురించిన మెసేజ్ వచ్చేస్తుంది. 2021 నుంచి ఆపిల్ షేర్‌ప్లే, 2023 నుంచి స్పాటిఫై జామ్ లాంటివి అందరికీ ఒకే చోట నడిచేలా చేస్తున్నాయి, అవి వాడండి. వీడియో కాల్‌లో ఒకరి స్పీకర్ నుంచి మిగతావాళ్లకి వినిపించడం మాత్రం వద్దు. కాల్ యాప్‌లు మాటల కోసం చేసినవి. గిటార్ డిస్టార్షన్‌నీ సింబల్స్‌నీ అవి చప్పుడు కింద లెక్కగట్టి కోసేస్తాయి. ఆ శబ్దం విని ఆల్బమ్ మిక్సింగ్ బాగోలేదని తేల్చేస్తే పాపం.

ఎవరికి బాగుంటుందంటే, ఆల్బమ్‌ని తూకం వేయడం కంటే ఆ రాత్రిని పండగలా చేసుకోవాలనుకునేవాళ్లకి. అది కూడా మంచి కారణమే.

## ఎవరికి వారు విని, రాసుకుని, తర్వాత కలవడం

నా ఓటు దీనికే. కాస్త వివరంగా చెబుతాను.

ఒక గడువు పెట్టుకుంటాం. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లకి శుక్రవారమే విడుదల రోజు, అంతకుముందు ఒక్కో దేశానికి ఒక్కో రోజు ఉండేది. కాబట్టి శుక్రవారం నుంచి ఆదివారం సాయంత్రం దాకా టైమ్. ఈలోగా ప్రతి ఒక్కరూ కనీసం ఒకసారి మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా వినాలి. గ్రూప్‌లో ఆల్బమ్ గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు, "విన్నాను" అన్న మాట తప్ప. రివ్యూలు చదవకూడదు. ప్రతి పాటకీ ఒక వాక్యం, ఆల్బమ్ మొత్తానికీ మూడు వాక్యాలు చీటీ మీద రాసి మడిచి పెట్టుకోవాలి. ఆదివారం కలిసినప్పుడో కాల్‌లోనో ముందు చీటీలు చదవాలి, ఆ తర్వాతే వాదన.

ఈ చీటీలో ఏం రాయాలన్నదే అసలు పని. "బాగుంది", "సూపర్", "సోసో" అని రాస్తే ఆదివారం మాట్లాడటానికి ఏమీ ఉండదు. నా పాత చీటీల్లో ఒకటి ఇలా ఉంటుంది:

"1. మొదలు గట్టిగా ఉంది, కోరస్ రెండోసారి వచ్చేసరికి ఇక చాలనిపించింది. 4. రెండు నిమిషాల తర్వాత అన్నీ ఆగి బేస్ ఒక్కటే మిగిలింది, అక్కడ వెనక్కి తిప్పాలనిపించినా తిప్పలేదు. 6. గొంతు అలసిపోయినట్టుంది, కావాలని పాడాడా? 9. ఎందుకుందో తెలీలేదు. 10. అయిపోయాక కాసేపు ఇంకేమీ పెట్టబుద్ధి కాలేదు."

అదే ఆల్బమ్‌కి మా డ్రమ్స్ అమ్మాయి చీటీలో తొమ్మిదో పాట దగ్గర "ఆల్బమ్‌లో స్నేర్ ఊపిరి తీసుకున్న పాట ఇదొక్కటే" అని ఉంది (స్నేర్ అంటే డ్రమ్స్‌లో టప్‌మని గట్టిగా మోగే డ్రమ్). నేను ఎందుకుందో తెలీదన్న పాట! ఆ ఒక్క పాట మీద ఆదివారం గంటసేపు మాట్లాడుకున్నాం, మళ్లీ పెట్టుకుని విన్నాం. మిగతా అన్నిచోట్లా గిటార్ గోడలా అడ్డుగా ఉందని, అక్కడ మాత్రమే పక్కకి జరిగిందని తను చూపించాక నాకూ వినిపించింది. ముందే ఎవరో ఒకరు గ్రూప్‌లో "9 దండగ" అని పెట్టి ఉంటే తను ఆ మాట రాసేదా? రాసేదేమో. నేను మాత్రం తన మాట వినిపించుకునేవాణ్ణి కాదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఆ తేడాలు విడిగా పండాకే కలిపితే మాటల్లో పస ఉంటుంది.

నష్టాలున్నాయి, దాచను. మొదటిది, ఆగలేం. విన్న వెంటనే చెప్పాలన్న తహతహని రెండు రోజులు అణచుకోవడం మాలో ఒకడికి నిజంగా కష్టం. వాడి కోసమే వాయిస్ నోట్ పద్ధతి పెట్టాం, అది కింద చెబుతాను. రెండోది, గడువు అంటే హోంవర్క్‌లా అనిపించే ప్రమాదం. ఒకరు వినకుండా వస్తే మిగతావాళ్లకి చిరాకు. అందుకే వినలేనివాళ్లు మొహమాటపడకుండా "ఈసారికి నేను ప్రేక్షకుణ్ణి" అనేలా ముందే మాట్లాడుకోవాలి. మూడోది, ఒక్కొక్కరూ ఒక్కో పరికరం మీద వింటారు. ఒకరికి మంచి హెడ్‌ఫోన్స్, ఒకరికి ఫోన్ స్పీకర్. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు వినపడదు. సగం ఆల్బమ్ అక్కడే పోతుంది. చీటీ పైన దేని మీద విన్నారో రాస్తే చాలా వాదనలు మొదలవ్వకముందే తేలిపోతాయి.

శబ్దం సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ. 2008లో మెటాలికా "డెత్ మాగ్నెటిక్" వచ్చినప్పుడు, సీడీ మీద శబ్దాన్ని మరీ పెంచేసి చితక్కొట్టేశారని, గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు అంత పిండేసినట్టు లేవని శ్రోతలే పట్టుకున్నారు. పాటలు ఒకటే, వినికిడి వేరు. అంటే ఇద్దరు స్నేహితులు ఒకే ఆల్బమ్ గురించి గొడవపడుతూ నిజానికి రెండు వేర్వేరు శబ్దాల గురించి మాట్లాడుతుండొచ్చు.

## వాయిస్ నోట్ పెట్టి, తాళం వేయడం

పై పద్ధతికి ఇది చెల్లెలు. రాయడం బద్ధకమైనవాళ్లు, ఆగలేనివాళ్లు ఆల్బమ్ అయిన ఐదు నిమిషాల్లోపు రెండు నిమిషాల వాయిస్ నోట్ రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టేయొచ్చు. మిగతావాళ్లు తమది పెట్టేదాకా దాన్ని తెరవకూడదు. అంతా నమ్మకం మీదే నడుస్తుంది.

దీనిలో రాతలో దొరకనిది ఒకటి దొరుకుతుంది, గొంతు. "బాగుంది" అని రాస్తే ఎంత బాగుందో తెలీదు. అదే మాట అర్ధరాత్రి గుసగుసగా, ఊపిరి బిగబట్టి చెబితే తెలుస్తుంది. లోటేంటంటే పాట పేర్లు కలిసిపోతాయి, "ఆ రెండోదో మూడోదో" అంటూ నడుస్తుంది. తర్వాత వెతుక్కోవడం కష్టం.

## వారం, పది రోజులు ఆగి మాట్లాడటం

"మొదటి అభిప్రాయానికి విలువేంటి, ఐదారుసార్లు వింటే కదా తెలిసేది" అనేవాళ్లుంటారు. వాళ్ల మాటలో నిజముంది. ఏదైనా పదే పదే ఎదురైతే అది మెల్లగా నచ్చడం మొదలవుతుందని రాబర్ట్ జయోంక్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు. పాటల విషయంలో ఇది మనందరికీ అనుభవమే.

రాక్ చరిత్ర నిండా తొందరపడ్డ తీర్పులే. వీజర్ "పింకర్టన్" 1996లో వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దాన్ని ఆ ఏడాది చెత్త ఆల్బమ్‌ల్లో ఒకటిగా ఎంచారు. అదే పత్రిక 2004లో దానికి ఐదుకి ఐదు నక్షత్రాలిచ్చింది. రేడియోహెడ్ 2000లో "కిడ్ ఎ" విడుదల చేసినప్పుడు, అంతకుముందు ఆల్బమ్‌లోని గిటార్ల కోసం ఎదురుచూసిన చాలామందికి అసలు ఇది రాక్ బ్యాండేనా అనిపించింది. ముందుగా ఒక్క సింగిల్ (ఆల్బమ్ నుంచి విడిగా విడుదల చేసే పాట) కూడా వదల్లేదు కాబట్టి చెవి సిద్ధపడే అవకాశం కూడా లేదు. టూల్ పదమూడేళ్ల విరామం తర్వాత 2019 ఆగస్టు 30న ఇచ్చిన "ఫియర్ ఇనాక్యులమ్"లో ఆరు పాటలు పది నిమిషాలు దాటినవే. అలాంటిది ఒక్కసారి విని మాట్లాడటమంటే, ఊరు మీదుగా బస్సులో వెళ్లి ఆ ఊరి గురించి చెప్పినట్టు ఉంటుంది.

అయినా ఇది ఒక్కటే పద్ధతిగా పెట్టుకోవద్దంటాను. వారం ఆగితే మాట్లాడుకునేది అలవాటైన ఆల్బమ్ గురించి. మొదటిసారి తగిలిన దెబ్బ, ఆశ్చర్యం, నిరాశ అప్పటికి చల్లారిపోతాయి. 2003లో మెటాలికా "సెయింట్ ఆంగర్" మొదటిసారి విన్నప్పుడు, డబ్బా కొట్టినట్టు మోగే ఆ స్నేర్ శబ్దం, ఒక్క గిటార్ సోలో కూడా లేకపోవడం చూసి శ్రోతలు ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటు కూడా ఆల్బమ్ గురించిన సంగతే. దాన్ని పట్టుకోవాలంటే మొదటి రోజే పట్టుకోవాలి.

మంచి దారి ఏంటంటే, మొదటి చీటీ రాసుకుని, పది రోజుల తర్వాత రెండోది రాసి, రెండూ పక్కపక్కన పెట్టడం. ఏ పాట పైకొచ్చింది, ఏది పడిపోయింది అన్నది చూస్తే మీ చెవి గురించి మీకే తెలుస్తుంది. నా విషయంలో మొదటి రోజు ఎక్కువ నచ్చినవి వేగంగా, కోరస్ వెంటనే పట్టుబడే పాటలు. పది రోజులకి వాటిలో సగం కిందకి దిగుతాయి. ఆల్బమ్ చివర్లో ఉన్న నెమ్మది పాటలు దాదాపు ప్రతిసారీ పైకొస్తాయి. ఇది తెలిశాక మొదటి రోజు పదో పాట మీద తీర్పు చెప్పడం మానేశాను.

## ఒక్క చూపులో

| పద్ధతి | సొంత అభిప్రాయం నిలుస్తుందా | ధ్యాస | సరదా | తర్వాత మిగిలేది |
|---|---|---|---|---|
| ఒకే గదిలో | కష్టం, చీటీలు రాస్తే కొంత నయం | బాగుంటుంది, గంటలోపు ఆల్బమ్ అయితే | చాలా ఎక్కువ | ఆ రాత్రి జ్ఞాపకం |
| వింటూనే మెసేజ్‌లు | నిలవదు | తక్కువ | ఎక్కువ | గ్రూప్‌లో చెల్లాచెదురుగా మాటలు |
| విడిగా విని, రాసి, కలవడం | బాగా నిలుస్తుంది | బాగుంటుంది | ఆదివారం దాకా ఆగాలి | చీటీలు |
| వాయిస్ నోట్ | నిలుస్తుంది, ఎవరూ ముందే తెరవకపోతే | బాగుంటుంది | మధ్యస్థం | గొంతులు, వెతకడం కష్టం |
| వారం ఆగడం | రివ్యూలు చదవకపోతే నిలుస్తుంది | అన్నిటికంటే ఎక్కువ | తక్కువ | నిలకడైన తీర్పు, మొదటి ముద్ర మాయం |

## మీలో ఎవరికి ఏది

మీ గుంపులో ఒకరికి ఆ బ్యాండ్ ప్రాణం, మిగతావాళ్లకి అంతంతమాత్రం అయితే విడిగా వినడమే మంచిది. ఆ ఒక్కరి ఉత్సాహం గదిలో అందరినీ కమ్మేస్తుంది. అది ఆ మనిషికీ నష్టమే, తన ఇష్టమైన ఆల్బమ్ గురించి వేరేవాళ్ల నిజమైన మాట వినే అవకాశం పోతుంది. నాకు ప్రాణమైన బ్యాండ్ విషయంలో చీటీలు తెరిచినప్పుడు ఒక చీటీలో "ఇది నాకు అందలేదు, కానీ నీకెందుకు ఇష్టమో కొంచెం తెలిసింది" అని ఉంది. ఎన్ని పొగడ్తలిచ్చినా ఆ వాక్యాన్ని వదులుకోను.

అందరూ వాయించేవాళ్లే అయితే గదిలో కూర్చోండి. రెండోసారి వింటున్నప్పుడు ఆపి ఆపి మాట్లాడుకోండి, ఎవరి వాయిద్యం వాళ్లు చెప్పండి. మొదటిసారి మాత్రం ఆపొద్దు.

బ్యాండ్‌కి కొత్తవాళ్లు ఒకరుంటే వాళ్ల చీటీ ముందు చదవండి. పాత ఆల్బమ్‌లతో పోల్చకుండా విన్న చెవి ఆ గదిలో అదొక్కటే. "ఇది పాతదానిలా లేదు" అనే మాట వాళ్లకి తట్టదు, కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతారు.

వేరే వేరే దేశాల్లో ఉంటే ఆల్బమ్ ఎక్కడి అర్ధరాత్రికి అక్కడ వస్తుంది కాబట్టి ఒకరికి గంటల ముందే చేతికొస్తుంది. కలిసి ప్లే నొక్కాలనుకుంటే చివరగా వచ్చే చోటు టైమ్ పట్టుకోండి, లేదా వాయిస్ నోట్‌కి వెళ్లండి. ముందు విన్నవాళ్లు నోరు జారితే అక్కడితో సరి.

అసలు టైమ్ లేదనుకుంటే ఆల్బమ్ మొత్తం ఒకేసారి వినలేకపోయినా వరస మార్చకుండా సగం సగం వినండి. షఫుల్ మాత్రం కట్టేయండి. పాటల వరస మీద బ్యాండ్ ఎంత ఆలోచిస్తుందో గుర్తుపెట్టుకుంటే, షఫుల్‌లో విన్నది వేరే ఆల్బమ్ అని ఒప్పుకుంటారు. అలాగే ముందే విడుదలైన సింగిల్స్ విషయం కూడా చీటీలో రాయండి. నెల రోజులుగా ఇరవైసార్లు విన్న పాటకీ ఆ రోజే మొదటిసారి విన్న పాటకీ ఒకే తూకం కుదరదు. మా చీటీల్లో అలాంటి పాట పక్కన చిన్న చుక్క పెడతాం, మాట్లాడేటప్పుడు వాటిని చివరికి నెడతాం.

ఆల్బమ్ మరీ పెద్దదైతే పైన చెప్పిందేదీ ఉన్నది ఉన్నట్టు పనిచేయదు. 1991 సెప్టెంబర్ 17న గన్స్ ఎన్ రోజెస్ "యూజ్ యువర్ ఇల్యూజన్" రెండు భాగాలనీ ఒకే రోజు విడుదల చేసింది, రెండూ కలిపి 30 పాటలు, రెండున్నర గంటలు. అలాంటిది ఎదురైతే ఒక్క రాత్రిలో ముగించాలని చూడకండి. ఇరవయ్యో పాట దగ్గర చెవి మొద్దుబారిపోయి, తర్వాత వచ్చినవన్నీ ఒకేలా వినిపిస్తాయి, ఆ తప్పు పాటల మీదకి పోతుంది. శుక్రవారం ఒక భాగం, శనివారం ఇంకో భాగం పెట్టుకోండి. రెండోది వినేదాకా మొదటి చీటీలు మడిచే ఉంచండి, మీవి మీరు కూడా తెరవకుండా.